మామ్మగారి మొదటి ఆకు

వేడి అన్నం పడగానే పచ్చి అరిటాకు ఒక వాసన వేస్తుంది. అది అన్నం వాసన కాదు, ఆకు వాసనా కాదు. రెండూ తగిలిన చోట పుట్టి, పప్పు పడేసరికి మాయమైపోతుంది. కిందటి నెల విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మిత్రుడి కూతురు రిజిస్టరు పెళ్ళి చేసుకుంటే ఆ విందుకు వెళ్ళాను. వచ్చినవాళ్ళలో నేనే పెద్దవాణ్ణని పంక్తిలో మొదటి ఆకు ముందు కూర్చోబెట్టారు. అన్నం పడింది, ఆ వాసన లేచింది, నా చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. వడ్డిస్తున్నాయన వంగి, "ఏమండీ, ఉప్పు గాని కావాలా?" అని అడిగాడు. అక్కర్లేదన్నాను. వాసనకూ జ్ఞాపకానికీ మెదడులో ఏ నరం ముడి వేస్తుందో చెప్పగలిగినవాళ్ళున్నారు. నాకు తెలిసిందల్లా ఆ క్షణంలో నేను గవర్నర్‌పేటలో లేననే. నలభై ఏళ్ళ కిందటి ఒక పెంకుటింటి వరండాలో, నేను కూర్చోవడానికి వీల్లేదన్న ఒక ఆకు పక్కన నిలబడి ఉన్నాను. ఆ ఆకు ముందు కూర్చున్నావిడ గురించి వేదికల మీద ఎన్నోసార్లు చెప్పాను. రాయడం మాత్రం ఇదే మొదలు.

ఆ ఊరు విజయవాడ నుంచి బస్సులో గంటన్నర ప్రయాణం. కాలువకు ఒక పక్క ఇళ్ళు, రెండో పక్క వరిచేలు. ఊరి పేరు రాయను. ఆనాటి మనుషుల పిల్లలు అక్కడింకా ఉన్నారు, తండ్రుల మూఢత్వానికి వాళ్ళను బజారుకీడ్చే హక్కు నాకు లేదు. డెబ్బైల మొదట్లో అక్కడి హైస్కూల్లో సైన్సు మేష్టారుగా చేరాను. అప్పటికి పాతికేళ్ళ వాణ్ణి. పెట్టెలో రెండు జతల బట్టలు, మిగతా అంతా పుస్తకాలు. దేవుడు లేడనీ, జాతకం మోసమనీ, కులం మనుషులు కట్టిన అబద్ధమనీ ఎదుటివాడు నోరు మూసుకునేదాకా వాదించడం నాకు ఊపిరి తీయడం లాంటిది. వాదనలో నెగ్గితే ప్రపంచం ఆ మేరకు మారిపోయిందనుకునే వయసు.

బస్టాండుకు ఎదురుగా పెంకుటింట్లో ఉన్న భోజన హోటల్లో రెండు పూటలా తినేవాణ్ణి. గుమ్మం మీద రేకు బోర్డు. దాని మీద 'శ్రీ రాజరాజేశ్వరీ బ్రాహ్మణ భోజన హోటల్' అని ఎండకు వెలిసిన అక్షరాలు. ఆ 'బ్రాహ్మణ' అన్న మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. వేరే హోటలుంటే అక్కడికే వెళ్ళేవాణ్ణి. మంటతోనే వెళ్ళి, కడుపునిండా తిని వచ్చేవాణ్ణి.

ఆ హోటలును స్వతంత్రం రాకముందు శేషయ్యగారనే ఆయన మొదలుపెట్టాడట. నేను ఆయన్ను చూడలేదు. ఊళ్ళోకి బస్సులు రావడం మొదలైన కొత్తలో రెండు బల్లలు, ఒక గాడిపొయ్యితో పెట్టాడని, మనిషి మంచివాడే గాని కాలం ఎలా ఉందో అలాగే నడిచాడని చెప్పుకునేవారు. హాలు మధ్యలో చెక్కతడిక, దానికి లోపల బ్రాహ్మలు, బయట మిగతావాళ్ళు. వరండా చివర మేకులకు వేలాడే సత్తు గ్లాసులు ఊరి బయట పేటవాళ్ళకు. తాగి, కడిగి, మళ్ళీ మేకుకు తగిలించిపోవాలి. ఆయన పోయాక భార్య సుందరమ్మగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. భర్త పోయిన ఆడది బజారులో కూర్చుని అన్నం అమ్ముకోవడమేమిటని చుట్టాలు రాకపోకలు మానేశారు. ఆవిడ వాళ్ళకు జవాబు చెప్పలేదు, హోటలూ మూయలేదు. నేను వెళ్ళేసరికి ఆవిడకు అరవై దాటాయి. అంచులేని తెల్లచీర, కళ్ళజోడుకు ఒక పక్క పుల్ల విరిగితే కట్టిన నల్లదారం. ఊరంతా మామ్మగారనే పిలిచేది.

మామ్మగారు వచ్చాక హోటల్లో కొన్ని మార్పులు జరిగాయి. ప్రతిదానికీ ఆవిడ దగ్గర సంస్కరణతో సంబంధంలేని ఒక కారణం ఉండేది. తడికకు చెదలు పట్టిందని తీయించేసింది. చెదలు పట్టిన ఆ చెక్కలతోనే వంటింట్లో అలమర చేయించిందని నాకు తర్వాత తెలిసింది. సత్తు గ్లాసులను దొంగలెత్తుకుపోయారంది. సొట్టలు పడ్డ గ్లాసుల కోసం వచ్చే దొంగ ఎవడని ఎవరూ అడగలేదు. మర్నాటి నుంచి అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసులు. ఒకసారి పెళ్ళికి వెళ్తున్న మోతుబరులు కారు ఆపి దిగారు. ముందు బల్లల మీద నాట్ల నుంచి వచ్చిన కూలీలు తింటున్నారు. వాళ్ళను లేపి తమకు చోటివ్వమన్నారు. మామ్మగారు గల్లా దగ్గర నుంచి కదలకుండానే, తినేవాళ్ళను లేపడం హోటలు పద్ధతి కాదని, వెనక గదిలో గాలి బాగుంటుందని చెప్పి వాళ్ళను అక్కడికి పంపించింది. వెనక గదికి ఉన్నది ఒక్క కిటికీ, అదీ తెరుచుకోదు.

నేను దీన్ని పిరికితనమనేవాణ్ణి, ఆవిడ మొహం మీదే. మనిషి చేసే పని సరైనదైతే కారణం కూడా పైకే చెప్పాలి, దొంగల మీదికీ చెదల మీదికీ నెట్టకూడదని వాదించేవాణ్ణి. "చెబితే చెయ్యనివ్వరండీ మేష్టారూ" అనేది. గ్రహణం రోజున హోటలు మూసేస్తే మాత్రం నాకు కోపం ఆగేది కాదు. భూమి నీడ చంద్రుడి మీద పడితే పప్పు పాడైపోతుందా అని నిలదీశాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏడాదికి నాకు దొరికే సెలవు అదొక్కటి. దాన్ని కూడా తీసేస్తారా ఏమిటి?" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను నెగ్గానో ఓడానో తెలియక చెయ్యి కడుక్కున్నాను.

ఆ హోటల్లో ఒక ఆచారం ఉండేది. పొద్దున తొమ్మిదిన్నరకు, బడికీ ఆఫీసులకూ వెళ్ళేవాళ్ళం వచ్చి కూర్చున్నాక, మొదటి ఆకు మామ్మగారికి వేసేవారు. గుమ్మానికి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర, అందరికీ కనిపించేలా కూర్చుని, పప్పు నుంచి మజ్జిగదాకా అన్నీ తిని ఆవిడ లేచాకే మిగతా ఆకుల్లో వడ్డన. అది ఆవిడకు రోజుకు ఒకే ఒక్క భోజనం. సాయంత్రం ఒక అరటిపండు, అంతే. ఉప్పూకారాలు చూడటానికని కొందరు, శేషయ్యగారు పెట్టిన పద్ధతని కొందరు అనేవారు. అగ్రహారం నుంచి వచ్చేవాళ్ళకు మాత్రం అది పెద్ద భరోసా. ఒంటిపూట తినే నిష్ఠాపరురాలు, ఆవిడే తిన్నాక ఇక సందేహం దేనికి? మా బడిలో తెలుగు పండితులు సోమయాజులుగారు ఆ మాట నాతో ఎన్నోసార్లన్నారు. ఆయన భార్య పోయినవారు, కారం పడని మనిషి. తాలింపులో మిరపకాయలు పడకముందే ఆయన కోసం ఒక గిన్నెలో పప్పు తీసి పక్కన పెట్టేవారు. వడ్డించేవాళ్ళు దాన్ని పంతులుగారి గిన్నె అనేవారు.

ఆ గిన్నె తీసి పెట్టే మనిషి శాంతమ్మ. వంటింటి తలుపు ఎప్పుడూ మూసి ఉండేది, మామ్మగారు తప్ప లోపలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. తలుపు తెరుచుకున్నప్పుడు పొగలో ఒక తెల్లచీర, నుదుట బొట్టు లేని ముప్పై అయిదేళ్ళ మొహం కనిపించేవి. ఎవరని అడిగితే, "బెజవాడ నుంచి వచ్చిన మా మనిషి" అనేది మామ్మగారు. ఊరికి అంతే చాలింది. బొట్టులేదు కాబట్టి భర్త పోయాడనుకున్నారు, తలుపు మూసి ఉంది కాబట్టి మడి అనుకున్నారు, మామ్మగారి మనిషి కాబట్టి బ్రాహ్మలే అనుకున్నారు. పదకొండేళ్ళు ఒక ఊరంతా ఒక నుదురు చూసి ఇన్ని నిర్ణయాలు చేసింది. ఆధారాలు లేకుండా ఏదీ నమ్మనని చెప్పుకునే నేను కూడా ఆ ఊళ్ళోనే ఉన్నాను, నేనూ అలాగే అనుకున్నాను.

నెలలో మొదటి ఆదివారం శాంతమ్మ మొదటి బస్సుకు విజయవాడ వెళ్ళేది. ఆ రోజు మామ్మగారే వండేది, వంట అంత బాగుండేది కాదు. అలాంటి ఒక ఆదివారం నేను మా హేతువాద సంఘం సమావేశానికి వెళ్ళి, అది అయ్యాక పటమటలో ఒక మిత్రుణ్ణి చూడబోయాను. దారిలో చర్చి వదిలినట్టున్నారు, జనం బయటికి వస్తున్నారు. వాళ్ళలో ఇస్త్రీ చేసిన తెల్లచీరతో, చంకలో బైబిలుతో, ఎవరితోనో పెద్దగా నవ్వుతూ శాంతమ్మ. ఆ మనిషి నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. నన్ను చూసి తప్పుకుపోతుందనుకున్నాను. తనే ఎదురొచ్చింది.

"మేష్టారు గాదూ? మీరెక్కడికండీ ఇటు?"

"మిత్రుడింటికి. మీరు..."

"మా తమ్ముడిల్లు ఇక్కడే. మాది కొండపల్లి పక్కన పేటండీ. మా తాతల నాడే సంఘంలో కలిశాం." నా మొహంలో ఏం కనిపించిందో, "మామ్మగారికి తెలుసు లెండి" అంది.

ఎవరికీ చెప్పొద్దని ఆవిడ అనలేదు. చెప్పవచ్చునా అని నేనూ అడగలేదు. తిరుగు బస్సులో నాకు వచ్చిన ఆలోచనల్లో ఒక్కటి కూడా ఆ మనిషి గురించి కాదు. ఎంత గొప్ప రుజువు నా చేతికి దొరికిందన్నదే ఆ గంటన్నరా ఆలోచించాను.

రెండు నెలలు ఆ రుజువును జేబులో పెట్టుకుని తిరిగాను. తర్వాత గ్రంథాలయం వార్షికోత్సవం వచ్చింది. ఆదివారం సాయంత్రం బడి ఆవరణలో సభ. ఆహారశుద్ధి మనశ్శుద్ధికి మూలమా అన్నది చర్చ. అవునని సోమయాజులుగారు, కాదని నేను. ఆయన నెమ్మదిగా, శ్లోకాలతో, నిజంగా నమ్మినవాడి గొంతుతో మాట్లాడారు. వండేవారి గుణం అన్నంలోకి దిగుతుందని, అన్నం నుంచి మనసులోకి వస్తుందని, అందుకే తాను ఒక్క మామ్మగారి హోటల్లో తప్ప ఎక్కడా పచ్చి మంచినీళ్ళైనా ముట్టనని అన్నారు. నా వంతు వచ్చింది. నేను శాస్త్రం చెప్పి ఉండవచ్చు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. కాని సభలో జనం ఆయన శ్లోకాలకు తలలూపడం చూశాను, నాకు నెగ్గాలనిపించింది.

"పంతులుగారూ, ఆ హోటల్లో మీకు పదకొండేళ్ళుగా వండిపెడుతున్నది శాంతమ్మగారు. ఆవిడ పటమట చర్చికి వెళ్ళే క్రైస్తవురాలు. కొండపల్లి పక్కన పేటలో పుట్టిన మనిషి. పదకొండేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నారు, ఇవాళ మీకు ఒక్క శ్లోకమైనా తప్పు పోలేదే."

ముందు వరసలో కుర్రకారు ఈలలు వేసింది. చప్పట్లు ఆగలేదు. సోమయాజులుగారు కుర్చీలో అలాగే కూర్చుండిపోయారు, చెయ్యి మాత్రం గొంతు మీదికి వెళ్ళింది. వెనక వరసల్లో ఒకాయన లేచి కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకొకాయన, తర్వాత నలుగురు. ఓడిపోయి పారిపోతున్నారనుకున్నాను. అంత గొప్ప గెలుపు నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకు వెళితే హోటల్లో ఒక్క మనిషి లేడు. కడిగిన ఆకులు కట్టలు కట్టలుగా అలాగే ఉన్నాయి. వడ్డించే ఇద్దరిలో ఒకడు పొద్దున్నే చెప్పకుండా వెళ్ళిపోయాడట. రెండోవాడు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఎదురుగా బస్టాండులో మాత్రం జనం. బస్సెక్కడానికి వచ్చినవాళ్ళు కాదు, చూడటానికి వచ్చినవాళ్ళు. వంటింటి గుమ్మంలో ఒక రేకుపెట్టె కట్టి సిద్ధంగా ఉంది. అది శాంతమ్మది. తెల్లవారగానే వెళ్ళిపోతానంటే, నువ్వెళితే రోజూ నేనేం తినాలని మామ్మగారు అడిగిందని, ఆ మాటకు ఆగిపోయిందని ఆ రెండోవాడు నాకు నెమ్మదిగా చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. మొదటి ఆకు ఆచారం శేషయ్యగారిది కాదట. శాంతమ్మ వంటింట్లో అడుగుపెట్టిన రోజున మామ్మగారు మొదలుపెట్టిందట. ఎప్పుడైనా ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఆ అన్నం ముందుగా తిన్నది తనే అయి ఉండాలని.

నేను గల్లా దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. క్షమించమన్నాను.

"మీరు చెప్పింది అబద్ధమా?" అంది మామ్మగారు.

"కాదండీ."

"మరి క్షమాపణ దేనికి?"

వాదనలో నాకు మాట దొరక్కపోవడం అదే మొదటిసారి. ఆవిడ లేచి, బల్లను గుమ్మం దాటించి వరండాలో రోడ్డు మీదికి కనిపించేలా వేయించింది. ఒక ఆకు పరిచి నీళ్ళు చల్లుకుంది. నేనూ కూర్చుంటానని పక్కన పీట లాక్కోబోయాను.

"వద్దు. మీరు కూర్చుంటే ఇది మీటింగవుతుంది మేష్టారూ. నాకివాళ హోటలు కావాలి" అంది. తర్వాత లోపలికి తిరిగి, "శాంతమ్మా, వడ్డించు" అని పిలిచింది.

పదకొండేళ్ళలో శాంతమ్మ వడ్డించడానికి ఆ గుమ్మం దాటి వరండాలోకి రావడం అదే మొదలు. గిన్నె పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. అన్నం పెట్టింది. ఆకు వాసన లేచింది. పప్పు వేసింది. మామ్మగారు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది.

"పప్పులో ఉప్పు లేదే శాంతమ్మా" అంది పెద్దగా.

శాంతమ్మ లోపలికి పరుగెత్తి ఉప్పు తెచ్చి ఆకు కొసన వేసింది. మామ్మగారు ఉప్పు కలుపుకుని తిన్నది. కూర, పులుసు, మజ్జిగ, ఏదీ వదల్లేదు. తొందరపడలేదు. తిని, ఆకు మడిచి, తన ఎంగిలాకు తనే తీసి వెళ్ళి పారేసి వచ్చింది. చెయ్యి కడుక్కుంటూ నాకొక మాట చెప్పింది. చాలా ఏళ్ళ కిందట ఆవిడ టైఫాయిడుతో విజయవాడలో ఒక ఆస్పత్రిలో మూడు వారాలుంది. చుట్టాలెవరూ రాలేదు. అక్కడ వంట చేసే శాంతమ్మ రోజూ జావ కాచి చెంచాతో పట్టింది. "బతకడానికి ఆ చెయ్యి పనికొచ్చింది. బతికాక పనికిరాదని ఏ నోటితో అననండీ?" ఇంత చిన్న తర్కం. దానికి శ్లోకమూ అక్కర్లేదు, నా పుస్తకాలూ అక్కర్లేదు.

అగ్రహారం వాళ్ళు మళ్ళీ రాలేదు. టీచర్లలో సగంమంది క్యారియర్లు తెచ్చుకున్నారు. మూడు వారాలు దాదాపు ఒంటరిగానే ఆ మొదటి ఆకు వరండాలో పడింది. రోజూ నేను బడికి వెళుతూ ఆగి, ఆవిడ తినడం చూసి, ఆ తర్వాత లోపల ఒక మూల కూర్చుని తినేవాణ్ణి. నాలుగో వారంలో ఒక బస్సు బస్టాండులో చెడిపోయింది. ఆకలేసిన ప్రయాణికులు దిగి రోడ్డు దాటి వచ్చారు. వాళ్ళకు ఎవరు వండారన్నది తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. ఆ రోజున నలభై ఆకులు లేచాయి. అప్పటి నుంచి అది ఊరివాళ్ళ హోటలు కాదు, దారిన పోయేవాళ్ళ హోటలు. మామ్మగారు పెయింటరును పిలిచి బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసేయమంది. వాడు ఆ ఒక్క మాట మీద మాత్రం రంగు పూసి వెళ్ళాడు. రాజరాజేశ్వరీ తర్వాత ఒక మనిషి కూర్చునేంత ఖాళీ, ఆ తర్వాత భోజన హోటల్. దాన్ని అలాగే ఉంచింది.

సోమయాజులుగారు స్వయంపాకం మొదలుపెట్టారు. చేతకాలేదు. చొక్కా భుజాల మీది నుంచి జారిపోయేంత చిక్కిపోయారు. కారం లేని పప్పు ఆయనకెవరు చేసి పెడుతున్నారోనని శాంతమ్మ నన్ను రెండు మూడుసార్లు అడిగింది. ఏడాది తిరక్కుండానే ఆయన రిటైరై తెనాలిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, బస్టాండులో సామాన్ల పక్కన నిలబడి కనిపించారు. నేను పలకరించాను. ఆయన హోటలు వైపు చూస్తూ, "మీరు నా కులం తీయలేదు మేష్టారూ. నా అన్నం తీశారు" అన్నారు.

మీ అన్నం తీసింది నేను కాదు, మీ నమ్మకం అన్న జవాబు నాకు వెంటనే తోచింది. అది సరైన జవాబే, ఇవాళ్టికీ వెనక్కి తీసుకోను. కులం అబద్ధం. అన్నంలోకి దిగేది వండినవాళ్ళ పుట్టుక కాదు, ఉప్పూ పప్పూ మాత్రమే. ఇది వెయ్యి సభల్లో చెప్పాను, ఓపికున్నంతవరకూ చెబుతాను. మామ్మగారి పద్ధతిని కూడా నేను పూర్తిగా మెచ్చుకోను. పదకొండేళ్ళు ఒక మనిషిని మూసిన తలుపు వెనక ఉంచి సాధించిన సమానత్వంలో ఒక అన్యాయం ఉంది. కాని ఆ రోజు బస్టాండులో ఆ జవాబు నా నోటి నుంచి రాలేదు. బస్సు వచ్చింది, ఆయన సామాను పైకి అందించాను. ఆయన వద్దనలేదు.

ఆ తర్వాత మూడేళ్ళకు మామ్మగారు పోయింది. పోయిన రోజు పొద్దున కూడా మొదటి ఆకులో తిని లేచిందట. నేనప్పటికి బదిలీ అయి వేరే ఊళ్ళో ఉన్నాను, కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. హోటలు శాంతమ్మ పేరు మీద రాసి పోయిందని తెలిసింది. కొన్నేళ్ళు శాంతమ్మే గల్లా దగ్గర కూర్చుని నడిపింది, తొమ్మిదిన్నరకు తనే మొదటి ఆకు వేసుకునేదట. తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు వరండా పోయింది, దాని వెనకే ఇల్లూ పోయింది. ఆవిడ పటమట చేరింది.

గవర్నర్‌పేట విందు నుంచి ఇంటికొచ్చి, రెండు రోజుల్లో ఈ వ్యాసం మొదటి ప్రతి రాశాను. అచ్చుకు పంపబోతూ ఆగాను. కాగితాలు పట్టుకుని పటమట వెళ్ళాను. శాంతమ్మగారికి ఎనభై దగ్గరపడ్డాయి. తమ్ముడి కొడుకు ఇంట్లో, కిటికీ పక్కన నవారు మంచం మీద కూర్చుని ఉంది. చూపు ఆనదు, నన్ను గొంతును బట్టి గుర్తుపట్టింది. ఇలా రాశాననీ, మీరు సరేనంటేనే పేరుతో వేయిస్తాననీ, లేకపోతే చించేస్తాననీ చెప్పాను.

"ఇన్నేళ్ళకి అడిగారు మేష్టారూ" అంది. ఎత్తిపొడుపు లేదు అందులో. "మామ్మగారూ అడగలా. ఎవరన్నా అడిగితే మా మనిషని చెప్తాలే అంది గానీ, నీకిష్టమేనా అనలా. ఆవిడ దాచింది, మీరు చెప్పారు. ఇద్దరూ మంచికే చేశారు. నన్ను మాత్రం ఎవురూ అడగలా."

"అడిగితే ఏమనేవారు?"

"ఇప్పుడెట్టా తెలుస్తదండీ? నేనే చెప్పుకుంటాననేదాన్నేమో."

మరి క్షమాపణ దేనికి అని మామ్మగారు అడిగిన ప్రశ్నకు జవాబు అది. నలభై ఏళ్ళు ఆలస్యంగా, ఆ రోజు పక్కనే వణికే చేతులతో నిలబడిన మనిషి నోటి నుంచి విన్నాను. అప్పుడు చెప్పవలసిన క్షమాపణ ఎవరికో కూడా అప్పుడే తెలిసింది. చెప్పాను. ఆవిడ నా చెయ్యి తడిమి, చదవమంది.

మొదటి నుంచి చదివాను. రేకుపెట్టె దగ్గర ఒకసారి తలూపింది. పంతులుగారి గిన్నె దగ్గర, "పాపం, తెనాల్లో ఏం తిన్నాడో" అంది. హోటలు ఆవిడ పేరు మీదికి వచ్చిన చోట చెయ్యెత్తి ఆపింది. అంతవరకూ వంటమనిషి శాంతమ్మ అనే రాశాను. "ప్రొప్రయిటరని కూడా రాయండి. బోర్డు మీద రాయించలేదు గానీ, కాగితాల్లో ఉంది" అంది. రాస్తున్నాను. శ్రీ రాజరాజేశ్వరీ భోజన హోటలు చివరి ప్రొప్రయిటరు శాంతమ్మగారు.

ఉప్పు సంగతి ఒకటి చెప్పడం మిగిలింది. ఆ భాగం చదివేటప్పుడు ఆవిడ నవ్వడం వినపడింది గాని, ఎందుకో అర్థం కాలేదు. వెళ్ళబోతూ అడిగాను. ఆ మొదటి ప్రతిలో నేను ఇలా రాశాను: రోడ్డవతల అంత జనం చూస్తుండగా, ఇది మామూలు హోటలు, ఇది మామూలు వంట, తప్పుంటే అది ఉప్పులోనే ఉంటుందని లోకానికి చాటడానికి మామ్మగారు కావాలనే ఉప్పు లేదని అరిచింది. సంస్కర్తల ఉపన్యాసాలన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే. ఎన్ని సభల్లో చెప్పానో ఆ మాట. చెప్పిన ప్రతిచోటా చప్పట్లు కొట్టారు.

"కాదండీ" అంది శాంతమ్మగారు, ఇంకా నవ్వుతూనే. "చేతులు ఒణికి నిజంగానే ఉప్పు మర్చిపోయా."

ఇంటికొచ్చి ఆ వాక్యాలు కొట్టేశాను. వాదనకు పనికొచ్చే నిజం దొరికినప్పుడల్లా ఇప్పుడు నా చెయ్యి ఆగుతుంది, అది ఎవరిదో వాళ్ళ మొహం ముందు గుర్తొస్తుంది. అంతవరకూ నేర్చుకున్నాననే అనుకునేవాణ్ణి. కాని నలభై ఏళ్ళలో ఒక్కసారైనా ఆ రోజు పప్పులో ఉప్పు వేశారా అని వండిన మనిషిని అడగలేదు నేను.